ముందూవెనకా బటను

మనిషికి పేరు పెట్టేది కన్నవాళ్లే అయినా, నిలబెట్టేది మాత్రం చేసే పని. ఆ వీధి మొగలో ఉన్న ఫోటో స్టూడియోలో, ప్రింటయి వచ్చిన పాస్‌పోర్టు ఫోటోలను వరసగా కోసి చిన్న కవర్లలో వేసి ఇచ్చే ఆవిడను అందరూ కత్తెరక్క అంటారు. నిజానికి ఆమె కోసేది కత్తెరతో కాదు, చెక్కబల్లకు బిగించిన పొడవాటి కత్తితో. పిడి పట్టుకుని పైనుంచి కిందికి నొక్కితే కరుక్కున తెగుతుంది. ఈ సంగతి మొదట్లో ఒకరిద్దరికి చెప్పి చూసింది. తర్వాత మానేసింది. ఏ పేరైతేనేం, పిలిస్తే పలకాలి కదా, ఆ పలకడానికే ఓపిక చాలడం లేదు.

ఆమె అలసటకు పొద్దున షట్టరు దగ్గరే శ్రీకారం పడుతుంది. ఆ షట్టరు సగం దాకా బుద్ధిగా లేచి, అక్కడ మొరాయిస్తుంది. భుజం పెట్టి నెట్టాలి. ఆ తర్వాత రోజంతా నిలువుకాళ్ల ఉద్యోగం. ఒక పక్క లామినేషన్ మిషను వేడి, ఇంకో పక్క "అర్జంటక్కా, బస్సు పోతుందక్కా" అనే జనం. సాయంత్రానికి పాదాలు వాచి చెప్పుల్లో పట్టవు. ఇంటికి చేరాలంటే మూడంతస్తులు ఎక్కాలి. రెండో అంతస్తు మలుపులో కిటికీ గట్టు మీద సంచి పెట్టి కాసేపు ఆగుతుంది. ఎవరైనా ఎదురైతే ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తుంది. అలిసిపోయానని చెప్పుకోవడం కూడా ఒక పనే కదా, దానికీ ఓపిక కావాలి.

ఇంతా చేసి మెట్లెక్కి ఇంట్లోకి అడుగుపెడితే, అక్కడ భర్త చూపు కాచుకుని ఉంటుంది.

ఆయన ఒక కంపెనీలో స్టాఫ్ బస్సు డ్రైవరు. మాటకారి కాడు, అలాగని నోరు పారేసుకునే మనిషీ కాడు. చెయ్యెత్తడం ఆయన వంశంలో లేదు. కానీ ఆ చూపుంది చూశారూ, దాని ముందు నాలుగు తిట్లు తిట్టినా నయమే. ఆమె గుమ్మంలో కనబడగానే కళ్లు చికిలిస్తాడు. నుదురు ముడతలు పడుతుంది. పై పెదవి కాస్త పైకి లేచి, పులిసిపోయిన మజ్జిగ వాసన తగిలినట్టు మొహం పెడతాడు. అలా ఒక క్షణం చూసి, "వచ్చావా" అని, మొహం టీవీ వైపు తిప్పేసుకుంటాడు. మొదట్లో డ్యూటీ చిరాకు అనుకుంది. ఆ తర్వాత తనవల్ల ఏమైనా తప్పు జరిగిందేమోనని గుర్తుచేసుకుంది. చీర మార్చి చూసింది, జుట్టు దువ్వుకుని గుమ్మం ఎక్కి చూసింది. ఏం చేసినా అదే చికిలింత. మూడేళ్లయింది. ఉన్న ఒక్క కూతురూ హాస్టల్లో చదువుకుంటోంది కాబట్టి, ఆ చూపును పంచుకోవడానికి ఇంట్లో ఇంకో మనిషి కూడా లేదు.

చివరికి ఒకరోజు ఫోనులో అక్కతో అనేసింది.

"నేను ఆయన కంటికి ఆనడం లేదక్కా."

"ఏమన్నాడే?"

"ఏమీ అనడు. అదే బాధ. నన్ను చూస్తే ఆయనకు కంపరంగా ఉంది. ఎదురుగా వెళ్లాలంటే నాకు సిగ్గేస్తోంది."

అక్క కాస్త దూకుడు మనిషి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తే రకం. కానీ ఈసారి ఆవిడ కూడా గొంతు తగ్గించి చెప్పింది. "నీ బతుకు నువ్వు బతుకుతున్నావు, ఒకరి మీద పడి తినడం లేదు. ఆ చూపు పడాల్సిన ఖర్మేంటి నీకు? మా వెనక గది ఖాళీగానే ఉంది. వచ్చే నెల ఒకటో తారీకుకి వచ్చెయ్."

కత్తెరక్క వస్తానంది. ఆ రాత్రే ఒక బ్యాగులో నాలుగు చీరలు, కూతురి చిన్నప్పటి ఫోటో, మందుల డబ్బా సర్ది మంచం కిందికి తోసింది. మొగుణ్ణి వదిలి వెళ్లడం అంటే పెద్ద గొడవ, ఏడుపులు, పదిమంది పంచాయితీ ఉంటాయని ఆమె వినివుంది. ఇక్కడ అదేం లేదు. బ్యాగు మంచం కింద ఉంది, అంతే.

సరిగ్గా ఆ వారంలోనే స్టూడియోలో ఫోటోలు తీసే కుర్రవాడు పెళ్లిళ్ల కాంట్రాక్టుల్లో బాగుంటుందని చెప్పి మానేశాడు. స్టూడియో యజమాని పెద్దాయనకు మోకాళ్లు పనిచెయ్యవు. కుర్చీలోంచి లేవాలంటే బల్లనీ గోడనీ దేవుణ్ణీ పట్టుకుంటాడు. ఆయన రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు కెమెరా తెచ్చి కత్తెరక్క ముందు పెట్టాడు.

"ఇక నువ్వే తియ్యాలి అమ్మాయ్."

"నాకేం వచ్చు బాబాయి గారూ?"

"ఇన్నేళ్లుగా మొహాలు కోస్తున్నావు. కొయ్యడం వచ్చినదానికి తియ్యడం ఎంతసేపు?"

ఆమె నవ్వలేదు. నవ్వొచ్చే మాటే, కానీ నవ్వడానికి బుగ్గలు లేవలేదు. అయినా సరేనంది. కెమెరా పని వస్తే జీతం కాస్త పెరుగుతుంది, అక్క ఇంట్లో ఊరికే తిన్నట్టుండదు. ఆమె లెక్క అదీ. కళ మీద మమకారం, కొత్తది నేర్చుకోవాలన్న ఉబలాటం, ఇవన్నీ నేను కల్పించి రాయొచ్చు గానీ, ఉన్నమాట చెప్పుకోవాలి.

స్టూడియో లోపల పాస్‌పోర్టు ఫోటోలు తియ్యడం పెద్ద కష్టం కాలేదు. స్టూలు ఒకచోటే ఉంటుంది, లైట్లు ఒకచోటే ఉంటాయి. కూర్చునే మనిషే మారతాడు. "గడ్డం కొంచెం దించండి, రెప్ప కొట్టకండి" అంటే చాలు. అసలు తంటా బయటి ఫోటోలతో వచ్చింది. పక్క వీధిలో ఉన్న ఒక ఆఫీసులో ఎవరో రిటైరవుతున్నారని గ్రూపు ఫోటోకి పిలిచారు. ముందు కుర్చీల్లో పెద్ద ఉద్యోగులు, వాళ్ల వెనక నిలబడి ఒక వరస, ఆ వెనక బెంచీలెక్కి ఇంకో వరస.

బయల్దేరే ముందు పెద్దాయన చెప్పాడు. "గుంపు ఫోటో కాబట్టి కన్ను చిన్నది చెయ్యి. గుర్తుంచుకో, చిన్న కన్ను." లెన్సు లోపల వెలుతురు దూరే రంధ్రాన్ని ఆయన కన్ను అంటాడు. ఆ కన్ను ఎంత తెరవాలో చెప్పే అంకెలు కెమెరా మీద కనిపిస్తాయి. కత్తెరక్క చిన్న కన్ను అన్న మాట మంత్రంలా జపిస్తూ వెళ్లి, ఆ అంకెల్లో అన్నిటికంటే చిన్న అంకె వెతికి పెట్టింది. చిన్న అంకె, చిన్న కన్ను. ఇందులో తప్పేముంది? నేనైనా అదే చేసేవాణ్ణి. నవ్వమంది, నవ్వారు. నొక్కింది. వెనకున్న చిన్న తెరలో చూసుకుంటే ముందు వరస పెద్దమనుషులు అద్దంలో ఉన్నట్టున్నారు. ఆఫీసరు కూడా చూసి భేష్ అన్నాడు. ఆయన ముందు వరసలో ఉన్నాడు మరి.

ప్రింట్లు వెళ్లిన మర్నాటి నుంచి మొదలైంది. వెనక వరస వాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. మొదట ఒక గుమాస్తా వచ్చి ఫోటోను బల్ల మీద పెట్టి, మర్యాదగానే అడిగాడు.

"అక్కా, ఇందులో నేనెవర్ని?"

ఆమె వంగి చూసింది. వెనక వరసలో అన్నీ మొహాలే, కానీ ఒక్కదానికీ కళ్లూ ముక్కూ లేవు. తడిచెయ్యి పెట్టి తుడిచినట్టున్నాయి. గుమాస్తా తర్వాత ఒక మీసాలాయన వచ్చాడు. ఫోటో కోసమని పొద్దున్నే లేచి మీసాలు మెలితిప్పుకున్నాడట. "మా ఆవిడకి చూపిస్తే, మీరు ఆ రోజు సెలవు పెట్టారా అని అడిగింది" అన్నాడు. ఇంకొకాయన ఏమీ అనకుండా ఫోటో బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ మూడో మనిషే ఆమెకు ఎక్కువగా గుచ్చుకున్నాడు. కంటికి ఆనకుండా పోవడమంటే ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

పెద్దాయన ఫోటో తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, వెనక వరస మీద వేలుపెట్టి అన్నాడు. "ముందూవెనకా చూసుకోవాలమ్మాయ్."

అది తిట్టు అనుకుంది. ఎవరైనా అదే అనుకుంటారు. ముందూవెనకా చూసుకోకుండా పనిచేశావు అంటే, ఒళ్లు దగ్గర పెట్టుకోలేదని కదా అర్థం. "తప్పయిపోయింది బాబాయి గారూ, ఇంకెప్పుడూ జరగదు" అంది. ఆయన తల ఊపాడు. మర్నాడు ఒక తల్లీ కూతుళ్ల ఫోటో తీస్తుంటే కుర్చీలోంచి మళ్లీ "ముందూవెనకా చూశావా?" అన్నాడు. ఆమె మొహం మాడిపోయింది. కస్టమర్ల ముందు కూడానా అనుకుంది. ఇంట్లో ఆ చూపు, ఇక్కడ ఈ మాట. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వారం తిరిగేసరికి ఆ మాట వినబడితే చాలు, చేతులు కట్టుకుని నిలబడటం మొదలుపెట్టింది.

చివరికి ఒక మధ్యాహ్నం, ఎవరూ లేని వేళ, ఆమె కెమెరా తెచ్చి ఆయన బల్ల మీద పెట్టేసింది. "నావల్ల కాదు. ముందూవెనకా చూడ్డం లేదని మీచేత రోజూ అనిపించుకునేకంటే, నేను కోసుకుంటూ కూర్చుంటాను."

పెద్దాయన తెల్లబోయాడు. "అనిపించుకోవడమేంటి? చూశావా లేదా అని అడిగాను. బటను ఉంది కదా?"

"బటనేంటి?"

ఆయన కాసేపు ఆమె మొహంలోకి చూసి, బల్ల గుద్ది నవ్వాడు. నవ్వితే మోకాళ్లు కూడా నొప్పెడతాయి కాబోలు, మధ్యలో వాటిని పట్టుకున్నాడు. ఆయనకు పని నేర్పిన గురువు, ఫోటోలో ముందు నుంచి వెనక దాకా ఎంత మేర స్పష్టంగా ఉంటుందో, ఆ లోతుకు పెట్టుకున్న పేరట ముందూవెనకా అంటే. ఇంగ్లీషులో పెద్ద పేరేదో ఉంది గానీ, ఈ స్టూడియోలో ఎప్పుడూ ఇదే. కెమెరాకు లెన్సు పక్కన, చూపుడువేలికి చిన్న గుండీలా తగిలేదే ముందూవెనకా బటను. అది నొక్కి చూస్తే, తియ్యబోయే ఫోటోలో ముందెంత, వెనకెంత స్పష్టంగా వస్తుందో ముందే తెలిసిపోతుంది.

"తిట్టనుకున్నావా?"

"మరేమనుకోను?"

"వారం రోజులుగా తప్పయిపోయింది, తప్పయిపోయింది అంటుంటే, ఈ పిల్లకి ఇంత భక్తేంటా అనుకున్నాను."

అప్పుడు నవ్వొచ్చింది ఆమెకు. చాలా రోజుల తర్వాత వచ్చింది కాబట్టి, దగ్గులాగా వచ్చింది.

ఆ తర్వాత పాఠం మొదలైంది. అంకెల సంగతి తేలడానికి కాసేపు పట్టింది. అంకె పెరిగేకొద్దీ కన్ను చిన్నదవుతుందని ఆయన చెబితే ఆమె ఒప్పుకోలేదు. "ఎక్కడైనా అంకె పెరిగితే వస్తువు పెద్దదవుతుంది గానీ చిన్నదవుతుందా?" అంది. ఆయన మూడు రకాలుగా చెప్పి అలిసిపోయాక, ఆమెకే తట్టింది. పెళ్లికాకముందు ఆమె టైలరు దగ్గర కాజాలు కుట్టింది. అక్కడ దారం నంబరు పెరిగేకొద్దీ దారం సన్నమవుతుంది. "దారం లెక్కా?" అంది. "అదే అనుకో" అన్నాడు ఆయన, బతుకుజీవుడా అంటూ.

"ఇప్పుడు పదకొండు పెట్టు. కెమెరాలోంచి ఆ షెల్ఫు చూడు. ముందు ఫ్రేము మీద ఫోకస్ చెయ్యి. వెనకున్న ఆల్బమ్‌లు ఎలా ఉన్నాయి?"

"మసకగా."

"చూపు తియ్యకుండా బటను నొక్కు."

నొక్కింది. ఠక్కున లోపల చీకటి పడినట్టయింది. ఆమె ఉలిక్కిపడి వేలు తీసేసింది. పాడుచేశానేమో అనుకుంది. "పాడవలేదు, నొక్కే ఉంచు, కన్ను అలవాటు పడనీ" అన్నాడు పెద్దాయన. మళ్లీ నొక్కి, ఊపిరి బిగపట్టి చూసింది. మసక వెలుతురులో ముందు ఫ్రేము కనబడింది. దాని వెనక ఆల్బమ్‌లు కనబడ్డాయి. వాటి వీపుల మీద రాసిన సంవత్సరాలు కనబడ్డాయి. ఆ వెనక గోడకున్న పగులు కూడా కనబడింది.

"చీకటైంది. కానీ అన్నీ తెలుస్తున్నాయి" అంది.

"అంతే మరి. కన్ను బాగా తెరిస్తే వెలుతురు బోలెడు వస్తుంది, ఒక్కటే స్పష్టంగా ఉంటుంది. కన్ను చికిలిస్తే చీకటి, కానీ ముందూవెనకా రెండూ దక్కుతాయి. నీకు చూపు మంచిది కాబట్టి తెలీదు గానీ, మాలాంటి సోడాబుడ్డి వాళ్లకు ఇది పుట్టుకతో తెలుసు. ఇటు చూడు."

పెద్దాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడు నువ్వు నాకు ఒక రంగుల ముద్దవి. ఎదురు షాపు బోర్డు అసలే లేదు. ఇప్పుడు చూడు." కళ్లు చికిలించాడు. నుదురు ముడతలు పడింది. పై పెదవి కాస్త పైకి లేచింది. "బోర్డు మీద... స్టీలు సామాను... హోల్‌సేల్. చదివానా? ఇప్పుడు నీ మొహం కూడా తెలుస్తోంది."

కత్తెరక్క కెమెరా బల్ల మీద పెట్టేసింది. ఎదురుగా పెద్దాయన మొహం మీద ఉన్నది ఆమె భర్త మొహం. అదే ముడత, అదే పెదవి, అదే పులిసిన మజ్జిగ.

"ఏమైందమ్మాయ్?"

"ఏం లేదు బాబాయి గారూ. ఒకసారి మళ్లీ చికిలించండి."

ఆ సాయంత్రం మెట్ల మలుపులో ఆమె మామూలు కంటే ఎక్కువసేపు ఆగింది. ముందు జాలి వేసింది. అయ్యో, కనబడక చూస్తున్నాడా, నన్ను చూడాలనే చూస్తున్నాడా అనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి. కిటికీలోంచి కింద రోడ్డు కనిపిస్తోంది. ఒక బస్సు వెళ్లింది. దాన్ని చూశాక, ఆయన చేసే ఉద్యోగం గుర్తొచ్చింది. జాలి కాస్తా అక్కడే ఆగిపోయింది. ఒకవేళ తాను పొరబడిందేమో, తేల్చుకోవాలి.

మర్నాడు ఆ ఆఫీసు గ్రూపు ఫోటోను ఆమె రెండోసారి వెళ్లి తీసివచ్చింది, పదకొండు పెట్టి, బటను నొక్కి చూసుకుని మరీ. సాయంత్రం పాతదీ కొత్తదీ పెద్ద ప్రింట్లు రెండూ సంచిలో పెట్టుకుని వచ్చింది. ఇంట్లోకి వెళ్లగానే, "వచ్చావా" అన్న పలకరింపు పూర్తి కాకముందే, వాటిని ఎదురుగోడకు పక్కపక్కన అతికించింది.

"ఏంటవి?" అన్నాడు డ్రైవరు, కుర్చీలోంచి.

"నేను తీసిన ఫోటోలు. ఒకటి చెడిపోయింది, ఒకటి బాగా వచ్చింది. చెడిపోయింది ఏదో చెప్పండి."

ఆయన చూశాడు. కళ్లు చికిలించాడు. మూడేళ్లలో మొదటిసారి ఆ చికిలింపును ఆమె తలదించుకోకుండా నిలబడి చూసింది. అది కోపం కాదు. బావిలో పడ్డ చెంబు కోసం వంగి చూసే మనిషి మొహం అది.

"రెండూ బాగానే ఉన్నాయి" అన్నాడు.

"రెండూనా?"

"ఒకేలా ఉన్నాయి కదా. నాకేం తెలుస్తుంది, ఫోటోలు తీసేదానివి నువ్వు."

ఆమె సంచిలోంచి ఒక అట్టముక్క తీసింది. స్టూడియోలో ప్రింట్ల కింద పెట్టే నల్లట్ట. దాని మధ్యలో గుండుసూదితో, పెద్దాయన చెప్పిన చిన్న కన్నులాంటి ఒక బెజ్జం పొడిచి తెచ్చింది. ఆయన చేతికిచ్చి, "ఇందులోంచి చూడండి" అంది.

"పిల్లలాటలేంటి?"

"చూడండి."

ఆయన అట్టను కంటి దగ్గర పెట్టుకున్నాడు. కాసేపు అటూ ఇటూ కదిలించాడు. తర్వాత కదిలించడం మానేశాడు.

"వెనక వరసలో చివరాయన" అన్నాడు మెల్లగా. "మీసాలు మెలితిప్పి ఉన్నాయి." ఇంకాసేపాగి, "పక్క ఫోటోలో లేవు" అన్నాడు.

అని, అట్టను కంటి దగ్గరే ఉంచుకుని, తల ఆమె వైపు తిప్పబోయాడు. ఆమె చప్పున గోడవారకు తప్పుకుంది.

"నన్ను చూడకండి. ముందు చెప్పండి. ఎప్పట్నుంచి?"

డ్రైవరు అట్ట ఒళ్లో పెట్టుకున్నాడు. "మెల్లగా వచ్చింది. రెండేళ్లు... కాదు, మూడు దాటాయేమో."

"కంపెనీలో ఏటా కళ్లు పరీక్ష చేస్తారుగా?"

"ముందు లోపలికెళ్లినవాళ్లు చదువుతుంటే బయట నిలబడి విని, బట్టీ పట్టేవాణ్ణి."

"నలభై మందిని ఎక్కించుకుని తిప్పుతున్నారు మీరు!"

"ఆ దారి నాకు కంఠతా వచ్చు."

"దారి కంఠతా వస్తుందండీ. దారికి అడ్డంపడే పిల్లాడు కంఠతా వస్తాడా?"

ఆయన తనంతట తానే చెప్పుకొచ్చాడు. ఇద్దరు ముగ్గురు డ్రైవర్లకు కళ్లు తేడా చేస్తే గేటు దగ్గర కూర్చోబెట్టారట. మనిషిని తీసి పక్కన పెట్టినట్టే. తనకూ అదే గతి పడుతుందని భయం. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ వచ్చాడు.

ఆమె అంతా విన్నది. అలసట ఎంతగా కమ్మిందంటే, కోపం కూడా కూర్చునే రావాల్సి వచ్చింది. నేల మీద కూర్చుని గోడకు ఆనుకుని అంది.

"నేనేమనుకున్నానో తెలుసా మీకు? నా మొహం చూస్తే మీకు అసహ్యమనుకున్నాను. మూడేళ్లు."

"తెలుసు."

"తెలుసా!"

"నువ్వు మొహం తిప్పుకోవడం అదీ... తెలిసేది."

"తెలిసి మరి?"

డ్రైవరు ఒళ్లోని అట్టకేసి చూస్తూ చెప్పాడు. "కోపమనుకుంటేనే నయమనిపించింది. కోపిష్టి మొగుడికి ఉద్యోగం ఉంటుంది. గుడ్డి డ్రైవరుకి ఏముంటుంది?"

ఇంతకంటే ఘోరమైన మాట ఆయన ఎప్పుడూ అనలేదు, ఇంతకంటే నిజమైన మాటా అనలేదు. ఆమెకు ఆయన్ని కొట్టాలనిపించింది. ఆ చూపు వెనక ద్వేషం లేదని తెలిసిన క్షణంలోనే, తనను అలా కుమిలిపోనిచ్చాడని కూడా తెలిసింది. రెండూ ఒక్కసారే స్పష్టంగా కనిపిస్తే మనిషికి ఎటు చూడాలో తెలీదు. ఆమె లేస్తూ ఒక్క మాట అంది.

"రేపు మీరు బస్సెక్కితే, నేనే మీ ఆఫీసుకొచ్చి చెబుతాను."

ఆమె వెళ్లాల్సిన పని పడలేదు. మర్నాడు ఆయనే వెళ్లి చెప్పాడు. చివాట్లు పెట్టారు, పెట్టకుండా ఎందుకుంటారు? పనిలోంచి తీసెయ్యలేదు గానీ, భయపడినట్టే గేటు దగ్గర కుర్చీ వేశారు. వచ్చిపోయే బండ్లకు గొలుసు తియ్యడం, వెయ్యడం. కంటి డాక్టరు చూసి, కళ్లజోడు ఎప్పుడో పెట్టాల్సింది అన్నాడు. ఒక కంట్లో శుక్లం కూడా మొదలైందట, కొన్నాళ్లకు ఆపరేషన్ చెయ్యాలి. భార్యాభర్తలిద్దరూ తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చుని వచ్చారు. ఆయన దారి పొడుగునా ముందు కూర్చున్న డ్రైవరు చేతులకేసే చూస్తూ వచ్చాడు.

మంచం కింద బ్యాగు ఉన్నచోటే ఉంది. అక్క ఫోన్ చేసి, గది కడిగించానని చెప్పింది. కత్తెరక్క సంగతంతా చెప్పింది. "అయితే ఆ చూపులో చెడు లేదు కానీ మనిషి మంచివాడు కాదంటావు" అంది అక్క. ఆవిడకు ఏదైనా ఒక పక్కకు తేలిపోవాలి. "ఏమో అక్కా, తెలీడం లేదు" అంది ఈమె. నిజంగానే తెలీలేదు. వెళ్లాలనీ లేదు, ఉండాలనీ లేదు. కాసేపు పడుకోవాలని మాత్రం ఉంది.

కళ్లజోడు ఒకటో తారీకుకు ముందురోజు వచ్చింది. ఆ సాయంత్రం ఆమె పెందలాడే ఇంటికొచ్చి మంచం మీద వాలింది. కాళ్లకింద దిండు పెట్టుకుంది. ఆ రోజు స్టూడియోలో ఒక పెద్ద కుటుంబం ఫోటో తీసింది. తాతగారి ఒళ్లో పసిపాప దగ్గర్నుంచి వెనక బెంచీ మీది కొత్త అల్లుడి దాకా అందరి కళ్లూ ముక్కులూ దక్కాయి. పెద్దాయన భేష్ అనలేదు, "ముందూవెనకా కుదిరింది" అన్నాడు. అదే చాలా గొప్ప.

తలుపు తీసుకుని డ్రైవరు వచ్చాడు. నల్ల ఫ్రేము, దళసరి అద్దాలు. కొత్త చెప్పులు వేసుకున్నవాడిలా ఆచితూచి నడుస్తున్నాడు. గది మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు. కళ్లు చికిలించలేదు. నుదురు సాపుగా ఉంది. ఆ మొహాన్ని చూసి చాలాకాలమైందని ఆమెకు అప్పుడు తెలిసింది.

"ఫ్యానుకి ఇంత దుమ్ముందా?" అన్నాడు.

"మూడేళ్లుగా ఉంది."

ఆయన కాస్త నవ్వబోయి, ఆమె వైపు తిరిగాడు. తిరిగి, అలాగే ఆగిపోయాడు. ఆయన చివరిసారి స్పష్టంగా చూసిన మనిషి వేరు. ఈమె కళ్లకింద నల్లటి గుంటలున్నాయి. చెంపల దగ్గర జుట్టు తెల్లబడింది. మూతికి రెండు పక్కలా గీతలు లోతుగా దిగాయి. చెప్పు పట్టీలు ఒరుసుకున్న పాదాలు వాచి ఎర్రగా ఉన్నాయి.

"ఇలా అయిపోయావేంటి?" అన్నాడు. "ఎప్పుడు ఇంతగా అలిసిపోయావు?"

అని, చెయ్యెత్తి కళ్లజోడు తియ్యబోయాడు.

"తియ్యకండి" అంది ఆమె. "చూడండి."

ఆయన చెయ్యి దించేశాడు. చూశాడు. ఆమె మొహం తిప్పుకోలేదు, జుట్టు సర్దుకోలేదు, కాళ్లమీద చీర లాక్కోలేదు. ఫోటో తీసేటప్పుడు తాను అందరికీ చెబుతున్నట్టే రెప్ప కొట్టకుండా పడుకుంది. ఆయనకే కళ్లజోడు వెనక నీళ్లు నిండి, అద్దాలు మసకబారాయి. చొక్కా కొసతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"రేపు ఒకటో తారీకు కదా" అన్నాడు చివరికి.

"మీకెలా తెలుసు?"

"ఫోనులో అన్నావు, విన్నాను. బ్యాగు కూడా సర్దావుగా. అది మసకగానైనా కనిపిస్తూనే ఉంది."

"మరి అడగలేదేం?"

"ఏ మొహం పెట్టుకుని అడగను?"

కింద రోడ్డు మీద ఏదో బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆమెకు కోపం పోలేదు. కోపం అంత తొందరగా పోయే వస్తువూ కాదు. కానీ బ్యాగు ఎత్తుకుని మూడంతస్తులు దిగడానికి ఒంట్లో శక్తి లేదు. తన మొహాన్ని ఇంత సేపు, ఇంత దగ్గరగా చూసి కూడా కంపరపడకుండా ఏడ్చే మనిషి ఇంకొకరు ఈ లోకంలో లేరని కూడా అనిపించింది.

"వెళ్లనులెండి" అంది. "కానీ సర్దిందంతా విప్పడానికి నాకు ఓపిక లేదు. మీరే విప్పండి. ఇప్పుడు కనిపిస్తోందిగా."

డ్రైవరు మోకాళ్ల మీద కూర్చుని, మంచం కిందికి వంగి బ్యాగు లాగాడు. ఆమె కళ్లు మూసుకుంది.